హెచ్4 తీసి హెచ్7 డూమ్ పెడుతున్నారా? హెడ్‌లైట్ వైరింగ్ మార్చే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పాత డూమ్‌లో (అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన హెడ్‌లైట్ పెట్టెలో) ఒకే హెచ్4 బల్బు. కొత్తగా తెచ్చిన డూమ్‌లో లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. మూడు పిన్నుల కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లగ్గు) చేతిలో ఉంది, ఎదురుగా రెండు వేరే కప్లర్లు కనిపిస్తున్నాయి. "ఇప్పుడు ఏ వైరు దేనికివ్వాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. బజార్లో దొరికే కన్వర్షన్ హోల్డర్ తగిలిస్తే లైటు వెలుగుతుంది, నిజమే. కానీ నాలుగు నెలలకు ఆ హోల్డర్ కరిగి, రాత్రి హైవే మీద ఒక పక్క లైటు పోయిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టి, కంపెనీ వైరు ఒక్కటీ కోయకుండా చేసే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇదంతా 12 వోల్టుల కార్లకు, హాలోజన్ బల్బులకు సంబంధించింది.

## 1. ముందు మీ చేతిలో ఏ బల్బు ఉందో చూసుకోండి

బల్బు లోహపు అడుగు మీద రకం అచ్చు వేసి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి:

- హెచ్4: ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు, 60/55 వాట్లు, మూడు పిన్నులు.
- హెచ్7: ఒకే ఫిలమెంటు, 55 వాట్లు, రెండు పిన్నులు.
- హెచ్1: ఒకే ఫిలమెంటు, 55 వాట్లు, వెనక ఒకే పిన్ను. ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగే దారి) బల్బు అడుగు నుంచే వెళ్తుంది.
- హెచ్11: 55 వాట్లు, రెండు పిన్నులు, కప్లర్ బల్బుకే అచ్చుపోసి ఉంటుంది.
- హెచ్‌బీ3 (60 వాట్లు), హెచ్‌బీ4 (51 వాట్లు): అమెరికాలో వీటినే 9005, 9006 అంటారు.

రిఫ్లెక్టర్‌ని ఫిలమెంటు ఉండే చోటుని బట్టి తయారుచేస్తారు. ఫిలమెంటు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కాబట్టి బల్బు అంచులు అరగదీసి వేరే రకం డూమ్‌లో దూర్చడం అసలు చేయకండి. బల్బు రకం మార్చాలంటే డూమ్ మొత్తం మార్చాలి. హాలోజన్ డూమ్‌లో హెచ్‌ఐడీ (ఫిలమెంటు లేకుండా గ్యాసుతో వెలిగేవి), ఎల్ఈడీ బల్బులు పెట్టడానికీ ఇదే అడ్డం. వైరింగ్ ఎంత బాగా చేసినా ఆ లోపం పోదు.

## 2. ఈ బండ్ల జోలికి వెళ్లకండి

కొత్త కార్లలో చాలావాటికి హెడ్‌లైట్లను బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు నడుపుతుంది. బల్బు ఎంత కరెంటు లాగుతోందో అది చూస్తూ ఉంటుంది. కొన్నింటిలో కరెంటును సెకనుకు చాలాసార్లు ఆపి ఆపి పంపుతుంది. అలాంటి లైను మీద మామూలు రిలే పెడితే టకటకలాడుతుంది, డాష్‌బోర్డు మీద బల్బు పోయిందన్న గుర్తు వస్తుంది. ఇలాంటి బండికి ఆ మోడల్ కోసమే తయారైన ప్లగ్-ఇన్ హార్నెస్ (కప్లర్లతో సహా తయారైన వైర్ల కట్ట) దొరికితేనే ముందుకెళ్లండి.

వారంటీ ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్లో ముందే అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో చేసే మార్పుల గురించే చెబుతుంది. కాబట్టి కంపెనీ అదే మోడల్‌లో ఇంకో వేరియంట్‌కి ఇచ్చిన డూమ్ తీసుకోవడం అన్నింటికన్నా క్షేమం.

## 3. డూమ్ కొనేటప్పుడు అద్దం మీద రాత చదవండి

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, డబ్బు ఇచ్చేముందు అద్దం మీద చిన్న అక్షరాలను ఫోన్ టార్చి వేసి చూడండి.

- హెచ్‌సీ అంటే లో బీమ్ హాలోజన్, హెచ్‌ఆర్ అంటే హై బీమ్ హాలోజన్.
- హెచ్‌సీ, ఆర్ అక్షరాల మధ్య గీటు ఉంటే రెండూ ఒకేసారి వెలిగించకూడదు.
- ఈ-మార్కు (ఈ అక్షరం, పక్కన అంకె ఉండే ఆమోద ముద్ర) దగ్గర బాణం ముఖ్యం. డూమ్‌కి ఎదురుగా నిలబడి చూస్తే బాణం మన కుడివైపు చూపిస్తుంటే అది ఎడమ పక్కన నడిచే ట్రాఫిక్‌కి, అంటే మన దేశానికి, సరిపోయేది. రెండు వైపులా బాణం ఉంటే రెండు పద్ధతులకూ పనికొస్తుంది. బాణమే లేకపోతే అది కుడి పక్కన నడిపే దేశాలది.

బాణం లేని సెకండ్ హ్యాండ్ డూమ్ చవగ్గా వస్తుంది. దాని వెలుగు కుడివైపు పైకి లేస్తుంది. మన రోడ్ల మీద కుడివైపున ఉండేది ఎదురొచ్చే బండి. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

## 4. కావలసిన సామాను

- నాలుగు పిన్నుల రిలేలు 2 (12 వోల్టులు, 30 లేదా 40 ఆంపియర్లు), సాకెట్లతో సహా
- బ్లేడ్ ఫ్యూజు హోల్డర్లు 2, వాటికి 15 ఆంపియర్ల ఫ్యూజులు, నాలుగు అదనంగా
- 2.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు, ఎరుపు, నలుపు
- 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, లో బీమ్‌కి ఒక రంగు, హై బీమ్‌కి ఒక రంగు
- రిలే కాయిల్‌కి (రిలేని కదిలించే లోపలి తీగ చుట్టకి) 0.75 స్క్వేర్ ఎంఎం వైరు
- హెచ్4 మగ కప్లర్ 1 (కంపెనీ కప్లర్‌లో దూరేది)
- కొత్త బల్బులకు సరిపోయే హోల్డర్లు, హెచ్7 అయితే సెరామిక్‌వి
- లగ్గులు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్కలు), వాటిని నొక్కే క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ స్లీవ్, నలుపు ఫ్లెక్సిబుల్ పైపు, కేబుల్ టైలు
- మల్టీమీటర్

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. రెండు 55 వాట్ల బల్బులు కలిపి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. రెండు మీటర్ల 1 స్క్వేర్ వైరులో ఆ కరెంటు పోతే వైరులోనే 0.35 వోల్టు తగ్గిపోతుంది. అదే 2.5 స్క్వేర్ అయితే 0.14 మాత్రమే. చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ, హాలోజన్ బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది.

ఇళ్లలో వాడే వైరు ఇక్కడ వాడకండి. ఇంజిన్ వేడికి దాని తొడుగు గట్టిపడి పగులుతుంది.

## 5. బండి ప్లస్ స్విచ్చా, ఎర్త్ స్విచ్చా? ఇది తేలకుండా వైరు ముట్టుకోవద్దు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చాలా కార్లలో హెచ్4 కప్లర్‌లో రెండు ఫిలమెంట్లకూ కామన్ అయిన పిన్ను ఎర్త్‌కి పోతుంది, స్విచ్చు లో బీమ్‌కి గానీ హై బీమ్‌కి గానీ ప్లస్ పంపుతుంది. కానీ కొన్ని జపాన్ డిజైన్ బండ్లలో, ముఖ్యంగా పాత టొయోటాల్లో, దీనికి తిరగేసి ఉంటుంది. కామన్ పిన్నుకి ప్లస్ వస్తుంది, స్విచ్చు కలిపేది ఎర్త్‌ని.

తెలుసుకునే పద్ధతి:

1. రెండు పక్కలా బల్బుల కప్లర్లు పీకండి. ఒక పక్కే పీకితే అవతలి బల్బు ఫిలమెంటు ద్వారా వోల్టేజి తిరిగొచ్చి మీటరు తప్పు చూపిస్తుంది.
2. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద ఉంచండి.
3. లో బీమ్ వేసి, ఎర్ర ప్రోబ్‌తో మూడు టెర్మినళ్లూ చూడండి. తర్వాత హై వేసి మళ్లీ మూడూ చూడండి.

లో వేస్తే ఒక టెర్మినల్‌లో, హై వేస్తే ఇంకో టెర్మినల్‌లో 12 వోల్టులు వచ్చి, మూడోది ఎప్పుడూ సున్నా చూపిస్తే అది ప్లస్ స్విచ్. ఆ మూడోది ఎర్త్.

లో వేసినా హై వేసినా ఒకే టెర్మినల్‌లో 12 వోల్టులు కనిపిస్తే అది ఎర్త్ స్విచ్. అప్పుడు ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద పెట్టి, నల్ల ప్రోబ్‌తో మిగతా రెండూ తాకండి. లో వేసినప్పుడు 12 చూపించేది లో, హై వేసినప్పుడు చూపించేది హై.

ఏది ఏదో మాస్కింగ్ టేపు మీద రాసి ఆ వైరుకే అంటించండి. వైరు రంగుల్ని నమ్మకండి. ఇదివరకు ఎవరైనా రిపేరు చేసి ఉంటే రంగులు మారిపోయి ఉంటాయి.

ఇదంతా చేస్తున్నప్పుడు పాత కప్లర్‌ని కూడా దగ్గరగా చూడండి. నేను కిందటేడు ఒక బండిది విప్పితే, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక మూల కాలిన పాల రంగుకి తిరిగింది. ఆ పిన్ను వదులై ఊగుతోంది. తొడుగు అర అంగుళం వెనక్కి తీస్తే రాగి పచ్చగా, పొడిపొడిగా ఉంది. అలాంటి పక్క కప్లర్‌ని రిలేలకు వాడకండి. రెండో పక్కది బాగుంటే అది తీసుకోండి.

## 6. హార్నెస్ ముందు బల్ల మీద కట్టండి

బండిలో వంగి కూర్చుని ఒక్కో వైరూ కలపడం కన్నా, పొడవులు కొలుచుకుని మొత్తం హార్నెస్ బల్ల మీద తయారు చేయడం సుఖం. రిలే మీద అంకెలు చూసి కలపండి: 30 బ్యాటరీ నుంచి, 87 బల్బుకి, 85, 86 కాయిల్‌కి.

అడుగు 1. బ్యాటరీ ప్లస్ లగ్గు నుంచి రెండు 2.5 స్క్వేర్ ఎర్ర వైర్లు. ఒక్కోదానికీ ఒక 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరం లోపే. ఫ్యూజు దాటాక ఒకటి లో రిలే 30కి, ఒకటి హై రిలే 30కి. రెండింటికీ ఒకే ఫ్యూజు పెట్టకండి. అది కాలితే దారి మొత్తం చీకటే.

అడుగు 2. లో రిలే 87 నుంచి 1.5 స్క్వేర్ వైర్లు రెండు: కుడి హెచ్7కి ఒకటి, ఎడమ హెచ్7కి ఒకటి. హై రిలే నుంచి కూడా అలాగే.

అడుగు 3. ప్రతి డూమ్‌కీ 2.5 స్క్వేర్ నల్ల వైరు. లో, హై ఎర్త్‌లు రెండూ దానికే కలపండి. రెండో కొసను రంగు గీకిన బాడీ బోల్టుకి గానీ, నేరుగా బ్యాటరీ మైనస్‌కి గానీ బిగించండి. రెండోదే నాకు నమ్మకం. హెచ్1 అయితే బల్బు అడుగుని పట్టుకునే లోహపు భాగానికి ఎర్త్ వైరు ఉందో లేదో చూసుకోండి.

అడుగు 4. రిలే కాయిల్స్. హెచ్4 మగ కప్లర్‌లోని కామన్ వైరును రెండు రిలేల 85కీ కలపండి. లో వైరు లో రిలే 86కి, హై వైరు హై రిలే 86కి.

కాయిల్ ఎర్త్‌ని బాడీ నుంచి తీసుకోలేదని గమనించండి. రెండు కొసలూ కప్లర్ నుంచే తీసుకుంటే ప్లస్ స్విచ్ బండి అయినా, ఎర్త్ స్విచ్ బండి అయినా రిలే పనిచేస్తుంది. మామూలు కాయిల్‌కి ప్లస్, మైనస్ తేడా లేదు. బాడీ నుంచి తీసుకుంటే ఎర్త్ స్విచ్ బండిలో రిలే కదలనే కదలదు. రిలే మీద బొమ్మలో డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) గుర్తు ఉంటే మాత్రం 86కే ప్లస్ రావాలి. ఎర్త్ స్విచ్ బండిలో అలాంటి రిలే వాడాల్సి వస్తే 85, 86 తారుమారు చేయండి.

అడుగు 5. లగ్గులన్నీ క్రింప్ చేసి గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కూడా ఉండకూడదు, ఇంజిన్ వేడికి ఆ టేపు జిగురు కారి విడిపోతుంది.

అడుగు 6. బల్ల మీదే బ్యాటరీ పెట్టి, కప్లర్ పిన్నులకు 12 వోల్టులు ఇచ్చి లో, హై విడివిడిగా పరీక్షించండి.

## 7. హై వేసినా లో వెలగాలంటే

హెచ్4 బండిలో హై వేయగానే లో ఆరిపోతుంది, ఆరాలి కూడా. ఇప్పుడు రెండూ వేరే బల్బులు కాబట్టి, డూమ్ మీద గుర్తు ఒప్పుకుంటే, హైతో పాటు లో కూడా వెలిగించుకోవచ్చు. బండికి దగ్గరగా రోడ్డు బాగా కనిపిస్తుంది.

దీనికి 1ఎన్4007 డయోడ్లు రెండు చాలు. ప్లస్ స్విచ్ బండిలో ఒకటి హై వైరు నుంచి లో రిలే 86కి, గీత ఉన్న కొస రిలే వైపు. రెండోది లో వైరు నుంచి అదే 86కి, గీత రిలే వైపే. రెండోది లేకపోతే హై వేసినప్పుడు పాత లో లైనులోకి కరెంటు వెనక్కి వెళ్తుంది. ఎర్త్ స్విచ్ బండిలో రెండు డయోడ్లూ తిరగేయాలి, గీత ఉన్న కొసలు కప్లర్ వైపు ఉండాలి. డయోడ్ కాళ్లు విరిగిపోకుండా స్లీవ్ తొడగండి.

## 8. దీనికి తిరగేసి: రెండు బల్బుల బండిలో హెచ్4 డూమ్

ఇది కొంచెం ప్రమాదకరమైన మార్పు. చాలా బండ్లలో హై వేసినా లో ఆరదు. అదే వైరింగ్ హెచ్4కి ఇస్తే రెండు ఫిలమెంట్లూ ఒకేసారి వెలుగుతాయి, చిన్న గాజులో 115 వాట్ల వేడి. లైటు అదిరిపోతోందని సంతోషించేలోపు హోల్డర్ మెత్తబడుతుంది, రిఫ్లెక్టర్ పూత మసకబారుతుంది. పాస్ ఇవ్వడానికి క్షణం సేపు వెలిగితే ఫర్వాలేదు గానీ, అలాగే నడపకూడదు.

ముందు హై వేసి పాత లో కప్లర్‌లో వోల్టేజి చూడండి. సున్నా అయితే ఏమీ చేయనక్కర్లేదు. 12 ఉంటే ఐదు పిన్నుల రిలే ఒకటి అదనంగా కావాలి:

- లో ట్రిగ్గర్ వైరు (లో రిలేని కదిలించేది) ఈ రిలే 30కి
- 87ఏ (రిలే కదలనప్పుడు 30తో కలిసి ఉండే పిన్ను) నుంచి అసలు లో రిలే 86కి
- హై ట్రిగ్గర్ ఈ రిలే 86కి, 85 ఎర్త్‌కి

హై వేయగానే 87ఏ విడిపోయి లో ఆరుతుంది. ఇది ప్లస్ స్విచ్ బండికి. ఎర్త్ స్విచ్ అయితే తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

## 9. బండిలో అమర్చడం

బ్యాటరీ మైనస్ విప్పాకే మొదలుపెట్టండి. ఆ తర్వాత:

- రిలేలు బ్యాటరీ దగ్గర, పిన్నులు నేలవైపు చూసేలా. పైకి చూస్తే వాన నీళ్లు నిలుస్తాయి.
- వైర్లన్నీ ఫ్లెక్సిబుల్ పైపులో. రేడియేటర్ ఫ్యాన్‌కీ, ఎగ్జాస్ట్‌కీ దూరంగా.
- డూమ్ వెనక రబ్బరు మూత తిరిగి సరిగ్గా కూర్చోవాలి. వైర్ల కోసం దాన్ని కోస్తే తేమ లోపలికి పోతుంది.
- వాడని రెండో హెచ్4 కప్లర్‌కి స్లీవ్ తొడిగి, పైకి కట్టేయండి.
- బల్బు గాజును వేళ్లతో తాకకండి. తాకితే స్పిరిట్ గుడ్డతో తుడవండి.

## 10. వోల్టేజి పరీక్ష

ఇంజిన్ స్టార్ట్ చేసి లో బీమ్ వేయండి. మీటరు ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ బల్బు ప్లస్ టెర్మినల్ వెనక పెట్టండి. కనిపించే అంకె దారిలో పోతున్న వోల్టేజి. 0.3 లోపు ఉంటే బాగుంది. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్త్ టెర్మినల్‌కి చూడండి. అదీ అంతే ఉండాలి. పైన చెప్పిన కాలిన కప్లర్ బండిలో, మార్చకముందు ప్లస్ వైపే 1.4 వోల్టులు పోయేది. హార్నెస్ వేశాక 0.2కి దిగింది. ఆ బండి యజమాని కొత్త బల్బులు రెండుసార్లు కొన్నారు, లోపం బల్బులో లేనే లేదు.

నాలుగు బల్బులకూ విడిగా చూడండి. పావుగంట వెలిగించాక ప్రతి లగ్గునీ వేలితో తాకండి. గోరువెచ్చన మామూలే, చుర్రుమంటే ఆ క్రింప్ మళ్లీ చేయాలి.

## 11. బీమ్ సరిచేయడం

డూమ్ మార్చాక ఇది వదిలేస్తే చేసిన పనంతా ఎదుటివాళ్లకు శిక్షే. చదునైన నేల, ఎదురుగా గోడ, టైర్లలో సరైన గాలి, డ్రైవరు సీట్లో ఒక మనిషి, లెవెలింగ్ నాబ్ సున్నాలో ఉండాలి.

1. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి.
2. డూమ్‌కి గోడ సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఉండేలా బండి నిలపండి.
3. గోడ మీద అదే ఎత్తులో ఒక టేపు, దానికి 5 సెంటీమీటర్ల కింద ఇంకో టేపు అంటించండి.
4. ఒక డూమ్‌ని మందపాటి గుడ్డతో కప్పి, రెండోదాని లో బీమ్ అంచు కింది టేపు మీద ఉండేలా స్క్రూ తిప్పండి.
5. అంచు ఎడమవైపు పైకి లేవాలి. కుడివైపు లేస్తే ఆ డూమ్ మన రోడ్లది కాదు, తిరిగి ఇచ్చేయండి.

డూమ్ మీద శాతం అచ్చు వేసి ఉంటే దాన్నే పాటించండి. 1 శాతం అంటే 5 మీటర్లకు 5 సెంటీమీటర్లు.

## 12. ఇలా అయితే కారణం ఇదీ

- లైట్లు ఆపినా ఒక బల్బు వెలుగుతూనే ఉంది: ఐదు పిన్నుల రిలే మధ్య పిన్ను 87ఏ. దాన్ని రెండో 87 అనుకుని బల్బుకి ఇచ్చారు.
- హెచ్4లో రెండు ఫిలమెంట్లూ మసగ్గా వెలుగుతూ, డాష్‌బోర్డులో నీలం గుర్తు కూడా వస్తోంది: ఆ బల్బు కామన్ ఊడింది. కరెంటు ఒక ఫిలమెంటు గుండా రెండోదానిలోంచి దారి వెతుక్కుంటోంది.
- రిలే టక్‌మంటోంది గానీ లైటు లేదు: 30 దగ్గర వోల్టేజి చూడండి. లేకపోతే ఫ్యూజు, ఉంటే బల్బు ఎర్త్.
- రిలే శబ్దమే లేదు: కాయిల్ ఎర్త్ బాడీకి ఇచ్చారేమో చూడండి. డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారై ఉంటాయి.
- ఫ్యూజు వెంటనే కాలుతోంది: కాలిన ఫ్యూజు చోట పెద్దది పెట్టకండి. డూమ్ మూత కింద, బ్రాకెట్ అంచుల దగ్గర వైరు నలిగిందేమో వెతకండి.
- ఒక పక్క కొంచెం మసగ్గా ఉంది: ఆ పక్క ఎర్త్ బోల్టు కింద రంగు గీకలేదు.
- 100/90 వాట్ల బల్బు వేయొచ్చా: వద్దు. ఇన్ని రిలేలు పెట్టినా డూమ్ ప్లాస్టిక్ ఆ వేడికి తయారైంది కాదు.

వారం రోజులు నడిపాక బానెట్ ఎత్తి ఎర్త్ బోల్టులు, బ్యాటరీ లగ్గులు ఇంకోసారి బిగించండి. మొదటి గట్టి వాన తర్వాత డూమ్‌లో తేమ, రిలే సాకెట్లో పచ్చదనం ఉన్నాయేమో చూడండి. రెండు అదనపు ఫ్యూజులు, ఒక హెచ్7 బల్బు డాష్‌బోర్డు అరలో వేసి ఉంచండి.